మన్నంటిన చేతులు

బిడ్డ చేతికి మన్నంటెనా, ఇంట మందలింపు, బడిలో పరిహాసము. “కుమ్మరిపని నీకేల?” అని పెద్దలడుగుదురు. ఈ ప్రశ్నకు మూలము శుచిత్వము కాదు, కులగర్వము. వినాయక చవితినాడు మట్టిప్రతిమకు మ్రొక్కుదుము. దానిని చేసిన చేతికి మాత్రము గౌరవమీయము. ఇంతకంటె వింత యేమి కలదు?

మట్టిపనివలన చదువు చెడునని కొందఱి వాదము. మట్టియే యొక చదువని మా వాదము. బంకమన్నును చక్కగా మర్దించి లోని గాలిని వెడలింపనిచో పాత్ర ఆవములో పగులును. తొందరపడి యెండలో నారబెట్టినచో బీటలువాఱును. ఇచట గురువు కోపింప నక్కఱలేదు. మన్నే తప్పును చూపును. కాల్పకమునుపు చెడిన పాత్రను నీట నానబెట్టి మరల ముద్దచేయవచ్చును. తప్పు దిద్దుకొనుట యవమానము కాదని బాలబాలికలు తమ చేతులతోనే తెలిసికొందురు. ఏ పరీక్షాపత్రము ఈ పాఠము చెప్పగలదు?

ఇది క్రొత్తమాట కాదు. 19వ శతాబ్దిలోనే ఫ్రోబెల్ శిశువిద్యలో మట్టిపనికి చోటిచ్చెను. 1937లో వార్ధా సభయందు గాంధీమహాత్ముడు చేతిపనియే విద్యకు కేంద్రము కావలెననెను. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 మొదలు 8 తరగతులలోపల పిల్లలు 10 దినములు పుస్తకముల సంచి విడిచి, కుమ్మరులు, వడ్రంగులు మున్నగువారియొద్ద పని నేర్వవలెనని చెప్పినది.

కాగితముపై వ్రాసినంత మాత్రమున కార్యము కాదు. ప్రతి బడియు కుమ్మరిని కూలివానిగా గాక గురువుగా పిలువవలెను. తగిన వేతన మీయవలెను. మొదటి మన్నుముద్దను ఉపాధ్యాయులే చేతబట్టవలెను. అపుడుగాని బిడ్డల చేతిమన్ను పెద్దల మనసులోని మాలిన్యమును కడుగజాలదు.