పొలపుటెద్దు, పందెపుటెద్దు

మిరపకాయలు కల్లాలలో ఎర్రగా పరచుకొని, పత్తి ఆఖరు తీతకు వచ్చే రోజులలో గుంటూరు, పల్నాడు, బాపట్ల, ప్రకాశం జిల్లాల పల్లెగోడలమీద ఒక కరపత్రము కనిపిస్తుంది. ‘ఒంగోలు జాతి వృషభరాజముల బలప్రదర్శన’ అని దాని శీర్షిక. తిరునాళ్ల పేరో, కీర్తిశేషుడైన ఊరి పెద్ద పేరో దానికి తోడు ఉంటుంది. ఊరి వెలుపల బీడును చదును చేసి, ఇరువైపుల తాళ్లు కట్టి, నడుమ కొక్కెము బిగించిన రాతిబండను ఉంచుతారు. నిర్ణీత కాలములో ఎడ్లజత దానిని ఎన్ని అడుగులు ఈడ్చితే అంత గెలుపు. పాలపళ్ల కోడెలకు ఒక బండ. రెండు పళ్లకు, నాలుగు పళ్లకు, ఆరు పళ్లకు వేరువేరు బండలు. పళ్లు నిండిన పెద్ద జతలకు టన్నుకు మించిన బండ. పందెమని వాడుకలో అంటున్నా ఇది పరుగు కాదు. చదువుకున్నవారిద్దరు దీనిని గురించి మాట్లాడుకుంటే రెండు నిమిషాలలో వాదము పుడుతుంది. ఒకరు హింస అంటారు, ఒకరు సంప్రదాయమంటారు. ఇద్దరూ బండను చూచినంతగా ఎద్దును చూడరు.

ఈ జాతి వినోదాలను గురించి న్యాయస్థానాలు విచారణ చేసినవి. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పరుగులను నిషేధించినది. తరువాత తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రలు తమ చట్టాలను సవరించుకొనగా, ఆ సవరణలు చెల్లునని 2023 మే 18న అదే కోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము తీర్పు చెప్పినది. చట్టము దేనిని ఒప్పుతుందనేది ఒక ప్రశ్న. పోటీ అసలు దేనిని కొలుస్తున్నదనేది ఇంకొక ప్రశ్న. రెండవదానిని అడిగేవారు అరుదు. దానికి సమాధానము బరిలో దొరకదు, ఎడ్లకొట్టములో వెదకవలెను.

జతను సిద్ధము చేయటము పోటీనాటి పని కాదు. కోడెదూడకు పాలపళ్లు ఊడకముందే తోడు వెదకటము మొదలవుతుంది. ఎత్తు కలిసినంత మాత్రాన జత కాదు. నడక కలియవలెను, ఓర్పు కలియవలెను. ఒకటి దాపటకు, ఒకటి వెలపటకు అలవాటు పడవలెను. ఏండ్ల తరబడి దాపట నడచిన ఎద్దును తెచ్చి వెలపట కట్టితే, ఎంత మంచిదైనా తడబడుతుంది. పిమ్మట మేత. జొన్నచొప్ప, ఉడికించిన ఉలవలు, తవుడు, తెలగపిండి, నానబెట్టి రుబ్బిన పత్తిగింజలు - ఇవన్నీ ఆ నేల పంటలే. పత్తిని అమ్ముకొని గింజను కొట్టానికి మిగుల్చుకొన్న కాలము ఒకటి ఉండెడిది. నేడు గింజ కూడ మిల్లుకే పోతుంది, రైతు చెక్కను మిల్లునుండి కొని తెచ్చుకొంటాడు. మేత కంటె ముఖ్యమైనది కసరత్తు. చెరువులో ఈత కొట్టిస్తారు. ఈతలో కాళ్లమీద బరువు పడదు, ఊపిరి పెరుగుతుంది. మెత్తని దుక్కిలో నడిపిస్తారు. తేలిక బరువుతో మొదలుపెట్టి నెలల తరబడి కొంచెము కొంచెముగా పెంచుతారు. ఒక్కసారి తలకు మించిన బరువు కట్టి బండ కదలకపోతే, ఆ ఎద్దుకు బండ కదలదన్న సంగతి గుర్తుండిపోతుంది. మళ్లీ మనసు కుదరటానికి ఒక ఋతువు పడుతుంది. గిట్టలకు నాడాలు, మెడమీద కాడి ఒరపు, ముకుతాడు బిగువు - వీటిలో ఏ ఒక్కటి చెడినా బరిలో ఫలితము అడుగులలో తెలిసిపోతుంది.

పళ్ల లెక్క వినోదానికి పెట్టినది కాదు. ఎద్దుకు పైదవడలో ముందు పళ్లు ఉండవు. క్రిందిదవడలో ఎనిమిది. పాలపళ్లు ఊడి మొదటి రెండు పెద్దపళ్లు రావటానికి రెండేండ్లు దాటుతుంది. ఎనిమిదీ నిండేసరికి నాలుగైదేండ్లు. పుట్టిన తేదీ వ్రాసిపెట్టుకోని పల్లెలో ఎద్దు నోరే దాని జాతకము. లేత ఎముక మీద ముదురు బరువు పడకుండ పెద్దలు ఏర్పరచిన కట్టుబాటు అది. పశువైద్యుడు కూడ నేటికీ అదే నోరు తెరచి చూస్తాడు.

బరిలో జరిగేదానిని బడిపిల్లలు భౌతికశాస్త్రముగా చదువుకొనవచ్చును. నిలిచి ఉన్న బండను కదపటానికి కావలసిన బలము ఎక్కువ, కదలిన బండను సాగించటానికి కావలసిన బలము తక్కువ. నిశ్చల ఘర్షణ, చలన ఘర్షణ అని పాఠములో రెండు పేర్లు ఉంటవి. తోలేవానికి ఆ పేర్లు తెలియకపోవచ్చును గాని, వాని నేర్పంతా ఆ తేడామీదనే నిలిచి ఉన్నది. బండ ఆగితే మళ్లీ కదపవలెను. కదపటములో ఖర్చయిన ఊపిరి మరల రాదు. అందుచేత గట్టిగా లాగించినవాడు కాదు, ఆగనీయనివాడు గెలుస్తాడు. మొదటి అదనులో రెండు ఎడ్లూ ఒక్కమారే మెడ వంచవలెను. ఒకటి ముందు లాగి ఒకటి వెనుక లాగితే కాడి ఏటవాలుగా తిరుగుతుంది, బలములో సగము ప్రక్కకు పోతుంది. మంచి తోలరి పగ్గము సవరించి, పేరు పెట్టి పిలిచి, రెండింటి చెవులు ఒకవైపు తిరిగేదాకా ఆగి, అప్పుడు అదిలిస్తాడు. గడియారము నడుస్తూనే ఉంటుంది, జనము కేకలు వేస్తూనే ఉంటారు, అతడు మాత్రము ఆగుతాడు. ఆ ఆగటములోనే పోటీ అంతా ఉన్నది.

చెర్నాకోల పట్టినవానికి ఈ ఆగటము చేతకాదు. దెబ్బకు ఎద్దు ముందుకు ఉరుకుతుంది, నిజమే. కాని దెబ్బ తిన్నది ఒకటి, తిననిది ఒకటి. అవి రెండూ ఒక్క క్షణములో ఉరకవు. ఏడాది పొడుగున కుదిర్చిన పొందిక ఒక్క దెబ్బతో చెదరిపోతుంది. కాబట్టి కొరడాను జాలి పేరుతో మాత్రమే కాదు, పోటీ పేరుతోనే తప్పు పట్టవలెను. కొరడా ఉన్నచోట బండ కొలిచేది పెంపకాన్ని కాదు, భయాన్ని. భయము ఎంత దూరము లాగుతుందో తెలుసుకొనటానికి ఒంగోలు జాతి అవసరము లేదు.

భయపడిన ఎద్దు ఏమి చేయగలదో ఈ ప్రాంతము మరచిపోరాదు. 1909 మహాశివరాత్రినాడు కోటప్పకొండ తిరునాళ్లలో చిన్నపరెడ్డి ఎడ్లు బెదరి జనములోకి పోగా పోలీసులు వాటిని కాల్చివేసినారు. జనము తిరగబడినారు, ప్రాణాలు పోయినవి, చివరకు చిన్నపరెడ్డి ఉరికంబము ఎక్కినాడు. ఆ దొమ్మీని తెల్లదొరతనముపై తిరుగుబాటుగా చెప్పుకొంటారు, చెప్పుకొనవలసినదే. అయితే కథ మొదలైనది కిక్కిరిసిన జనము నడుమ బెదరిన ఒక జతతో. నేడు డప్పులతో, బాణసంచాతో పాటు మ్రోగే ధ్వనివర్ధకాలు అప్పుడెక్కడివి? ఇన్ని చప్పుళ్ల మధ్య నిలిచే ఎద్దు ధైర్యమును మెచ్చుకొనేవారు ఆ చప్పుళ్లను తగ్గించే మాట మాత్రము ఎత్తరు.

చట్టము ఈ విషయములో కొంత దారి చూపే ఉన్నది. 1960లో పార్లమెంటు జంతుహింస నివారణ చట్టము చేసినది. 1965లో దానిక్రింద బరువులాగే పశువులకు నియమాలు వెలువడినవి. పని రోజుకు తొమ్మిది గంటలు మించరాదు. ఎండ 37 డిగ్రీలు దాటే చోట మధ్యాహ్నము పన్నెండు మొదలు మూడు వరకు పశువును కాడికి కట్టరాదు. మొన గల కర్రతో పొడవరాదు. బండి తోలుకొని బ్రతికే పేదవానికి పెట్టిన నియమాలు ఇవి. వేసవి తిరునాళ్లలో నడి మధ్యాహ్నము జతలను బరిలోకి పిలిచే నిర్వాహకులకు ఇవి వర్తించవని అనుకొనటము ఎట్లు?

పనిచేసే వాహనమే పందెములో దిగటము ఈ నల్లరేగడికే ప్రత్యేకము కాదు. రెండవ ప్రపంచయుద్ధము ముగిసిన తరువాత అమెరికాలో కుర్రకారు ఇదే విధముగా మోటారుకార్లను పోటీకి దించినారు. విమానాలు విడిచిన దారులు ఖాళీగా ఉండెడివి. 1950లో కాలిఫోర్నియాలోని శాంటా ఆనాలో అటువంటి దారిమీద టికెట్టు పెట్టి పోటీలు నడిపినారు. మరుసటి ఏడు, 1951లో, వాలీ పార్క్స్ అనే ఆయన ఆ ఆటకు ఒక సంఘము స్థాపించి నియమాలు వ్రాయించినాడు. దూరము పావుమైలు, అంటే 1320 అడుగులు. వారమంతా ఉద్యోగానికి నడిపిన కారునే ఆదివారము పందెపుదారికి తోలుకొని పోవటము, అదనపు చక్రము తీసి బరువు తగ్గించటము, వెనుక టైర్లలో గాలి కొంత వదలి నేలను గట్టిగా పట్టనీయటము, పందెము కాగానే గాలి నింపుకొని అదే కారులో ఇంటికి పోవటము - ఇదే ఆ ఆట తొలి రుచి. అక్కడ కూడ గెలుపు మొదటి కదలికలో ఉన్నది. ఇంజనుకు ఎంత బలమున్నా చక్రము నేలను పట్టకపోతే గిర్రున తిరిగి పొగ లేస్తుంది, కారు కదలదు. అదను తెలియని దెబ్బకు ఎద్దు కాళ్లు జారటము వంటిదే అది.

ఆ ఆటకు కూడ మన పోటీలకు పట్టిన గతే పట్టినది. పందెము కొరకే కట్టిన బండ్లు వచ్చినవి. అవి వీధిలో తిరగవు. లారీమీద వస్తవి, లారీమీద పోతవి. అయినా అక్కడివారు రెండు పనులు చేసినారు. కొట్టులో కొన్న కారును పెద్దగా మార్చకుండ తెచ్చినవానికి వేరే తరగతి నిలిపి ఉంచినారు. బరువునుబట్టి, ఇంజను బలమునుబట్టి అందులో మెట్లు ఏర్పరచినారు. మన పళ్ల విభాగాల వంటివే అవి. రెండవది, 2008లో స్కాట్ కలిట్టా అనే ప్రసిద్ధ చోదకుడు పందెములో మరణించగా, అతివేగపు బండ్లకు పావుమైలును 1000 అడుగులకు కుదించినారు. అరవై ఏండ్ల కొలతను ఒక ప్రాణము కొరకు మార్చినారు, ఆట చావలేదు.

ఇక్కడ కూడ పోటీజతలు ఇప్పుడు లారీలలోనే వస్తున్నవి. ఏడాది పొడుగున కాడి తప్ప నాగలి ఎరుగని ఎడ్లు అవి. వాటి పెంపకానికి లక్షలు కావలెను. కాబట్టి బరి సంపన్నుల చేతిలోకి పోయినది. దీనిని పూర్తిగా నిందించటము న్యాయము కాదు. ట్రాక్టరు వచ్చి కొట్టాలు ఖాళీ అయిన తరువాత, ఆ సంపన్నుల పట్టుదలయే లేకపోతే మేలురకపు కోడెను కొనేవాడే ఉండడు. అయితే ఏమి మిగిలినదో చూడవలెను. మూరెడు ఎదిగిన మిరపతోటలో, పత్తిచేలో, సాళ్ల నడుమ గుంటక తోలటానికి ట్రాక్టరు పనికిరాదు. చిన్న కలుపు యంత్రాలు వచ్చినా, జత ఉన్న రైతును పిలిచి కూలికి తోలించుకొనటము ఇంకా ఉన్నది. ఆ జత తిరునాళ్లకు పోతే దానికి బరిలో చోటు ఉండదు. పోషణకు పెట్టుబడి లేని రైతు ఎడ్లను, బరికొరకే పెరిగిన ఎడ్లను పళ్లు కలిసినవని ఒకే బండకు కట్టటము పోటీ కాదు. పొలములో పనిచేసే జతలకు వేరు విభాగము ఉండవలెను. అందులో గెలిచినవానికి మొదటి బహుమతితో సమానమైన బహుమతి ఉండవలెను.

ఇంకొక లోపము ఇంతకంటె లోతైనది. బండకు కట్టేది మగపశువును. దానిని కన్న ఆవును ఎవరూ తలవరు. గుండ్లకమ్మ పరిసరాల ఈ జాతిని ఒకప్పుడు ఒంగోలు తాలూకా నెల్లూరు జిల్లాలో ఉండటముచేత విదేశీయులు నెల్లూరు పశువులన్నారు; బ్రెజిలులో నేటికీ దాని పేరు నెలోరె. 19వ శతాబ్దిలోనే అక్కడికి ఓడలెక్కిన ఈ పశువులు ఆ దేశపు మందలలో అత్యధిక భాగమై ఉన్నవి. 1960ల తొలినాళ్లలో అక్కడికి పోయిన ఒక ఆబోతు ఒంగోలు దగ్గరి కరవది గ్రామము పేరుతోనే వారి వంశావళులలో నిలిచినది. 2023లో వియాటినా-19 అనే నెలోరె పశువు విలువ సుమారు 43 లక్షల డాలర్లని లెక్క తేలి లోకమంతా చెప్పుకొన్నది. అది ఎద్దు కాదు, ఆవు. బ్రెజిలువారు పెంచేది మాంసము కొరకు. వారి లక్ష్యము మన లక్ష్యము కాదు. అయినా తల్లి ఎవరో వ్రాసిపెట్టుకొనే అలవాటు వారిది. 2002లో హైదరాబాదు జాతీయ క్రీడలకు ఒంగోలు వృషభమును చిహ్నముగా చేసికొన్న మనము, గెలిచిన జత ఏ ఆవు ఈతదో అడిగితే చెప్పలేము.

గుంటూరు చేరువలోని లాం పశుపరిశోధన క్షేత్రములోను, ప్రకాశం జిల్లా చదలవాడ క్షేత్రములోను ఈ జాతిని కాపాడే పని జరుగుతున్నది. ప్రభుత్వ క్షేత్రములో ఆవుకు సంఖ్య ఉన్నది, పుస్తకములో వంశము ఉన్నది. ఊరిలోని ఆవుకు అది లేదు. పాలు తక్కువని దానిని అమ్మివేసే రైతుకు, దాని కడుపున పుట్టిన కోడె రేపు బరిలో గెలిస్తే దక్కేది ఏమీ లేదు. దూడప్పుడే అమ్మినాడు కనుక బహుమతి మరొకరిది. గెలిచిన సొమ్ములో పదవ వంతైనా దూడ పుట్టిన ఇంటికి చేరే ఏర్పాటు ఉంటే, ఆ ఇంట ఆవు నిలుస్తుంది.

కరపత్రములో యజమాని పేరు, ఊరు, మండలము, బహుమతి దాత పేరు, ఆయన తండ్రి పేరు కూడ అచ్చు వేస్తారు. జత పేర్లకు ఎదురుగా తల్లిఆవు పేరు, దూడ పుట్టిన ఊరు అచ్చు వేయటానికి ఇంకొక పంక్తి పడుతుంది.