మిగులు కాంక్రీటు లెక్కలో ఆ సున్నా ఎవరిది?

ఖరగ్‌పూర్ నింపురాలో మా పిన్ని ఇంటి ముందు మురుగుకాలవ పక్కన మూడు మెట్లున్నాయి. పై మెట్టులో ఒక కాంక్రీటు దిమ్మె మీద ఎర్ర రంగుతో 'ఎం25' అనీ, దాని కింద ఒక తేదీ రాసి ఉంటుంది. అది టెస్టు క్యూబు. ఎటు చూసినా 150 మిల్లీమీటర్లు, బరువు సుమారు 8 కిలోలు. సైట్లో స్లాబు పోసిన రోజునే ఇలాంటివి కొన్ని పోసి, నీళ్ళలో నానబెట్టి, 28 రోజులకి మిషన్లో పెట్టి పగలగొట్టి బలం చూస్తారు. పరీక్షకి పోకుండా మిగిలినవి గోడ పక్కన పడేస్తారు. పిన్ని ఏళ్ళ తరబడి రేజా పని చేసింది. తట్ట మోసే ఆడవాళ్ళని ఈ వైపు అలాగే పిలుస్తారు. సాయంత్రం ఇంటికొస్తూ ఒక్కో క్యూబు తెచ్చుకుంది. సందుల్లో నింపింది మిక్సరు కడిగేముందు అడుగున మిగిలిన మాలు. ఆ ఇంట్లో అన్నిటికన్నా గట్టిది ఆ మెట్టే.

నా పీహెచ్‌డీ సరిగ్గా ఈ విషయం మీదే. కట్టడాల్లో మిగిలిన, కూల్చిన కాంక్రీటును పగలగొట్టి కంకరగా మళ్ళీ వాడటం. పోయిన సెలవుల్లో ఆ మెట్టు మీద కూర్చుని ఖర్చుల పట్టిక సరిచూసుకుంటుంటే, 'సేకరణ, వేరుచేత' అనే వరసలో నేనే వేసిన అంకె కనబడింది. సున్నా. ముడిసరుకు వ్యర్థం కాబట్టి ఉచితం అని కింద ఒక గమనిక. అలా రాస్తే మా రంగంలో ఎవరూ ఆగి అడగరు. నన్నూ ఎవరూ అడగలేదు.

కాంక్రీటు తనంతట తాను కంకర కాదు. చువ్వలు పీకాలి. ఇటుక ముక్కలు, చెక్క, ప్లాస్టిక్ ఏరాలి. పెద్ద పెళ్ళల్ని సుత్తితో చితక్కొట్టాలి, జల్లించాలి. ఢిల్లీ బురాడీలోనో హైదరాబాద్ జీడిమెట్లలోనో అయితే దానికి యంత్రాలున్న ప్లాంట్లున్నాయి. చిన్న పట్నాల్లో ఆ ప్లాంటు పని చాలావరకు మనుషులే చేస్తారు. సదస్సుల్లో 'సర్క్యులర్ ఎకానమీ' అని గుండ్రంగా బాణాలు గీసి చూపిస్తారు కదా, ఆ బాణాల్ని తిప్పేది ఈ చేతులే. స్లైడు మీద బాణం ఉంటుంది, చెయ్యి ఉండదు.

ఆ చేతులు పీల్చే దుమ్ములో సిలికా ఉంటుంది. ఇసుక నుంచీ కంకర నుంచీ వచ్చేదే. సిలికోసిస్‌కి మందు లేదు. ఊపిరితిత్తి ఒకసారి గట్టిపడ్డాక మళ్ళీ మెత్తబడదు. ఇదే బెంగాల్లో 2009 ఐలా తుపాను తరవాత మినాఖాఁ ప్రాంతం నుంచి ఆసన్‌సోల్ వైపు రాతి క్రషర్లలో పనికి పోయినవాళ్ళు ఈ జబ్బుతోనే తిరిగొచ్చారు, ఎంతోమంది పోయారు. కాంక్రీటు పగలగొట్టినా దుమ్ము దుమ్మే. నేను ల్యాబులో మాస్కు పెట్టుకుంటాను. పిన్ని చీరకొంగు కట్టుకునేది.

ఈ ఊళ్ళో మేమెందుకున్నామో కూడా చెప్పాలి. బెంగాల్ నాగపూర్ రైల్వే ఖరగ్‌పూర్‌ను కట్టిన కాలంలో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి తెలుగువాళ్ళు గుంపులుగా వచ్చారు. మావాళ్ళకి దక్కింది గ్యాంగు పని. 1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో జరిగిన అస్పృశ్య రైల్వే కార్మికుల మహాసభలో బాబాసాహెబ్ సరిగ్గా ఈ లెక్కే విప్పారు. అంటరానివాళ్ళని గ్యాంగ్‌మన్‌గా తీసుకుంటారు, స్టేషన్లో పోర్టరుగా తీసుకోరు. ఎందుకంటే పోర్టరు చేత స్టేషన్ మాస్టరు ఇంటిపని కూడా చేయించుకుంటాడు, ఆ ఇంట్లోకి అంటరానివాడు అడుగుపెట్టకూడదు. వర్క్‌షాపులో కూలీగా ఉండొచ్చు, మెకానిక్ కాలేడు. కార్మికులకి బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ రెండూ శత్రువులేనని చెప్పింది ఆ సభలోనే. మరి ఇవాళ గ్రీన్ ఉద్యోగాల గురించి రాసే మనం ఆ ప్రశ్నని ఎందుకు వదిలేశాం? రీసైక్లింగ్ ప్లాంటులో కన్వేయర్ బెల్టు పక్కన ఏరేవాళ్ళు ఎవరు, కంట్రోల్ రూములో కూర్చునేవాళ్ళు ఎవరు, పేపర్లో పేరుండేది ఎవరిది? ఈ మూడు ప్రశ్నలూ ఒక్క పట్టికలో పెట్టిన వ్యాసం నా నాలుగేళ్ళ చదువులో తగల్లేదు.

నన్ను ఇంకా మండించేది మా పేపర్ల చివరి పేరా. అక్కడ మామూలుగా ఒక వాక్యం ఉంటుంది: ఈ కాంక్రీటు పేదల తక్కువ ఖర్చు ఇళ్ళకి అనువైనది. నేనూ రాశాను. ఐఎస్ 383 ప్రమాణాన్ని 2016లో సవరించి, పాత కాంక్రీటు నుంచి తీసిన కంకరను ఎం25 వరకు ఆర్‌సీసీలో 20 శాతం, చువ్వలు లేని కాంక్రీటులో 25 శాతం వాడుకోవచ్చని ఒప్పుకున్నారు. పాత సిమెంటు-ఇసుక పొర అంటుకుని ఉండటం వల్ల అది నీళ్ళు ఎక్కువ పీలుస్తుంది, అందుకే ఆ హద్దు. అందులో తప్పేం లేదు, అది ఇంజనీరింగ్. కానీ హద్దులో వాడితే ఎవరి ఇంటికైనా సరిపోతుందని చెప్పేదీ అదే ప్రమాణం. సరిపోతే కలెక్టరు బంగళాకీ, యూనివర్సిటీ గెస్ట్‌హౌస్‌కీ ముందు వాడండి. సరిపోదని అనుమానముంటే పేదవాడి పైకప్పుకి ఎలా సరిపోయింది? 1927లో మహాడ్‌లో బాబాసాహెబ్ ఎంగిలి మెతుకులకి చెయ్యి చాచడం మానమన్నారు. మనం ఎంగిలికి గ్రేడు నంబరు వేసి జర్నల్లో అచ్చేస్తున్నాం.

చట్టాలు లేవని కాదు. 2016 నిబంధనలు రోజుకి 20 టన్నులు, లేదా ఒక ప్రాజెక్టులో నెలకి 300 టన్నులు దాటి శిథిలాలు చేసేవాళ్ళని ప్రణాళిక ఇమ్మన్నాయి. 2025లో కొత్తవి ప్రకటించారు, 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు. 20,000 చదరపు మీటర్లు, ఆపైన కట్టేవాళ్ళు రీసైక్లింగ్ బాధ్యత మొయ్యాలి, దానికి నమోదైన రీసైక్లర్ల నుంచి సర్టిఫికెట్లు కొనుక్కోవచ్చు. అంటే మిగులు కాంక్రీటుకి ఇప్పుడొక ధర వచ్చింది. అది నమోదైనవాడి ఖాతాలో పడుతుంది. సుత్తి పట్టుకున్న ఆడమనిషి ఏ పోర్టల్లో నమోదవుతుంది? 1996 నాటి నిర్మాణ కార్మికుల చట్టం కూల్చివేతని కూడా నిర్మాణ పనిగానే లెక్కించింది. శిథిలం సైటు గేటు దాటి బయట గుట్టయ్యాక, దాన్ని అక్కడ పగలగొట్టేవాళ్ళు మాత్రం ఏ జాబితాకీ చెందనివాళ్ళైపోతారు.

పిన్ని మెట్టు సంగతికొస్తే, ఒక సైట్లో సూపర్‌వైజరు ఆమె తట్టలో క్యూబు చూసి దొంగతనమన్నాడట. పారేసిందే కదా అంటే, పారేసినా కంపెనీదే అన్నాడు. బస్తీ రైల్వే స్థలంలో ఉంది కాబట్టి ఆ మెట్టు రేపు కాగితం మీద ఆక్రమణ కూడా అవుతుంది. అదే క్యూబు నా చేతిలో ఉంటే నమూనా.

రీసైక్లింగ్ వద్దంటున్నావా అని అడిగే మిత్రులుంటారు. వద్దనడం లేదు. కొండల్ని పిండి చేసి, ఏళ్ళలో ఇసుక తోడి కట్టే ప్రతి అంతస్తుకీ మూల్యం చెల్లిస్తున్నది ఆ కొండ కింద, ఆ ఏటి ఒడ్డున బతికేవాళ్ళే. మళ్ళీ వాడాలి. కానీ ఖర్చు పట్టికలో సేకరణకి కూలి వెయ్యకుండా వచ్చిన పేపరును సమీక్షకులు తిప్పి పంపాలి. దుమ్ము కొలతలు లేకుండా 'పర్యావరణ హితం' అని రాయనివ్వకూడదు. సర్టిఫికెట్ అమ్మిన ప్రతి టన్నుకీ ఆ టన్నును ఏరి పగలగొట్టినవాళ్ళ కూలీ చీటీ చూపించాలి.

అంకె మారుస్తానని గైడుకి చెబితే, దేని ఆధారంగా అని అడిగారు. సబబైన ప్రశ్నే. పిన్నిని అడిగాను: పూటకి ఎన్ని తట్టలు మోసేదానివి, ఎంత దూరం, పెళ్ళ పగలగొట్టడానికి ఎంతసేపు. "ఏటి, ఇది కూడా రాసుకుంటారేటి నాన్నా?" అని నవ్వి, తరవాత వేళ్ళ మీద లెక్కపెట్టి చెప్పింది. ఆమె చెప్పింది రాసుకున్నాను. వీధిలో అదే పని చేసిన ఇంకొందరి దగ్గర కూడా రాసుకుంటున్నాను. ఆ వరస ఇంకా పూర్తి కాలేదు.