లేచి నడిస్తే నటనేనా?

"మూడు రోజులు మంచం దిగలేదు. నాలుగో రోజు గోడ పట్టుకోకుండా వంటింట్లోకి వచ్చింది. ఇదేం జబ్బమ్మా, విడ్డూరం కాకపోతే!" మల్టిపుల్ స్క్లెరోసిస్ ఉన్న ఆడవాళ్లు చాలామందే ఈ మాట విని ఉంటారు. నేను విన్నాను. ఎదురుగా అంటే జవాబు చెప్పుకోవచ్చు. పక్క గదిలో గుసగుసగా అంటే ఏం చెప్పుకుంటాం?

డాక్టర్లు పొట్టిగా ఎం.ఎస్. అనే ఈ జబ్బు ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. మగవాళ్లకంటే ఆడవాళ్లలో రెండు మూడు రెట్లు ఎక్కువ. అంటే ఉద్యోగం, పెళ్లి, పురుడు, పసిపిల్లలు అన్నీ నెత్తిన ఉన్న వయసులోనే వస్తుందన్నమాట. మనల్ని కాపాడవలసిన రోగనిరోధక శక్తే దారి తప్పి మెదడు, వెన్నుపాము, కంటి నరాల మీద దాడి చేస్తుంది. నాకు తొమ్మిదేళ్ల కిందట ముందు ఒక కన్ను మసకబారింది, తర్వాత కాళ్లు మొద్దుబారాయి. అప్పట్నుంచీ మందులు వాడుతూ బడిలో పాఠాలు చెప్పుకుంటూనే ఉన్నాను.

ఈ జబ్బులో బయటివాళ్లకు బొత్తిగా అంతుపట్టని సంగతి ఒకటుంది. మామూలు జ్వరం, జలుబు, మూత్రంలో ఇన్ఫెక్షన్ లాంటివి వచ్చినప్పుడు పాత లక్షణాలన్నీ ఒక్కసారిగా తిరిగొస్తాయి. ఎప్పుడో తగ్గిన కంటి మసక మళ్లీ కమ్ముతుంది. నడుస్తున్న కాళ్లు బిగుసుకుపోతాయి. ఇన్ఫెక్షన్ తగ్గితే కొన్ని రోజుల్లో, ఒక్కోసారి ఒకటి రెండు వారాల్లో, మనిషి మునుపటి స్థితికి వస్తుంది.

ఎందుకలా? కరెంటు తీగకి పైన ప్లాస్టిక్ తొడుగు ఉన్నట్టే నరానికీ ఒక తొడుగు ఉంటుంది. పేరు మైలిన్. ఎం.ఎస్.లో అది అక్కడక్కడా ఊడిపోతుంది. పాత గాయం మానినా ఆ చోట నరం బలహీనంగానే ఉంటుంది. ఏదో తంటాలు పడి సంకేతాన్ని అవతలికి చేరవేస్తుంటుంది. ఒంటి వేడి అర డిగ్రీ పెరిగినా చాలు, ఆ పని చేయలేక చేతులెత్తేస్తుంది. వేడి తగ్గగానే మళ్లీ పనిచేస్తుంది. కొత్త గాయమేమీ ఉండదు. పాత గాయమే వేడికి బయటపడుతుంది. విల్‌హెల్మ్ ఉట్‌హాఫ్ అనే జర్మన్ కంటి డాక్టరు 1890లోనే ఒంటి శ్రమతో ఈ రోగుల చూపు కాసేపు మందగించడం గమనించి రాశాడు. కారణం వేడి అని తర్వాత తేలింది.

దీన్ని వైద్యులు 'సూడో రిలాప్స్' అంటారు. సూడో అంటే నకిలీ. నాకు ఈ పేరే నచ్చదు. కొత్త దాడి జరగలేదని చెప్పడం వాళ్ల ఉద్దేశం. కానీ ఇంట్లో వాళ్ల చెవిన పడేది 'నకిలీ' అన్న మాటొక్కటే. కాళ్లు కదలకపోవడం నకిలీ కాదండీ. కింద పడి మోకాలు చిట్లితే కారిన రక్తం నకిలీ కాదు. జ్వరానికి కాళ్లు పడిపోవడం ఎంత నిజమో, జ్వరం తగ్గాక లేచి నడవడమూ అంతే నిజం.

పోయినేడు నాకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చి జ్వరం 101 దాకా వెళ్లింది. మంచం మీంచి బాత్రూం దాకా ఇద్దరు పట్టుకుని నడిపించాల్సి వచ్చింది. మా అమ్మ "ఇక నా బిడ్డ మంచానికే అంకితం" అని ఏడుపు. ఇంకొందరికి "మొన్నటిదాకా బడికి వెళ్లింది కదా" అని అనుమానం. యాంటీబయాటిక్ మొదలుపెట్టిన అయిదో రోజుకి నా అంతట నేను నడిచాను. ఏడ్చినవాళ్లు దేవుడికి దణ్ణం పెట్టుకున్నారు. అనుమానించినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

ఆ ఏడుపూ ఈ అనుమానమూ రెండూ తెలియకపోవడం వల్ల వచ్చేవే. రెండిటి వల్లా నష్టపోయేది రోగే. భయపడేవాళ్లు 'జబ్బు ముదిరిపోయింది, వెంటనే స్టిరాయిడ్ ఎక్కించండి' అని తొందరపెడతారు. నిజమైన కొత్త దాడికి మిథైల్ ప్రెడ్నిసొలోన్ రోజుకి 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు ఎక్కించడం మామూలే. కానీ లోపల ఇన్ఫెక్షన్ ఉండగా అది ఎక్కిస్తే గోరుచుట్టు మీద రోకటిపోటే. ఇన్ఫెక్షన్ పెరగొచ్చు, షుగరూ పెరగొచ్చు. అందుకే ముందు మూత్ర పరీక్ష చేయమని మనమే అడగాలి. ఇక అనుమానం పాలైన ఆడది ఏం చేస్తుంది? మరోసారి జ్వరమొస్తే చెప్పడం మానేస్తుంది. ఒంట్లో బాగాలేకపోయినా పొయ్యి దగ్గర నిలబడుతుంది. ఆ పొయ్యి వేడికే ఇంకా కుప్పకూలుతుంది.

మూత్రం ఇన్ఫెక్షన్ గురించి సిగ్గుపడకుండా మాట్లాడుకోవాలి. ఎం.ఎస్. ఉన్న చాలామందికి మూత్రాశయం పూర్తిగా ఖాళీ కాదు. మిగిలిపోయిన మూత్రంలో క్రిములు పెరుగుతాయి. స్పర్శ తగ్గడం వల్ల ఒక్కోసారి మంట కూడా తెలియదు. కాళ్లు బిగుసుకుపోవడమే మొదటి గుర్తు కావచ్చు. దీనికి తోడు మన బడులూ ఆఫీసులూ ఎలా ఉన్నాయి? బాత్రూం ఉంటే నీళ్లుండవు, నీళ్లుంటే తలుపుకి గడియ ఉండదు. నేను పనిచేసిన ఒక బడిలో ఆడ టీచర్లం పొద్దున్నించి సాయంత్రం దాకా గుక్కెడు నీళ్లు తాగకుండా గడిపేవాళ్లం. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే అది చేటు. నాలాంటిదానికి వారం రోజుల నడకని మింగేస్తుంది. పనిచేసే చోట శుభ్రమైన బాత్రూం అడగడం గొంతెమ్మ కోరిక కాదు, అదీ వైద్యంలో భాగమే.

మన ఆచారాల్లోనూ చూసుకోవలసినవి ఉన్నాయి. జ్వరమొస్తే కిటికీలు మూసి దుప్పట్లు కప్పుతాం. జలుబు చేస్తే ఆవిరి పట్టిస్తాం. బాలింతకి మరుగుతున్న నీళ్లు పోస్తాం. ఒకప్పుడు ఎం.ఎస్. ఉందేమోనని అనుమానమొస్తే డాక్టర్లు రోగిని వేడినీళ్ల తొట్టిలో కూర్చోబెట్టి, లక్షణాలు పెరుగుతాయేమో చూసేవారు. ఎం.ఆర్.ఐ. వచ్చాక ఆ పరీక్ష మూలన పడింది. మన స్నానాల గదుల్లో మాత్రం తెలియకుండానే సాగుతోంది! ఎం.ఎస్. ఉన్న బాలింతకి గోరువెచ్చని నీళ్లు చాలు, పక్కన ఒక మనిషి ఉండాలి. జ్వరమొస్తే ఫ్యాను వేసి, తడిగుడ్డతో తుడిచి, డాక్టరు చెప్పిన మోతాదులో పారాసిటమాల్ ఇవ్వాలి.

అలాగని ప్రతిదాన్నీ 'జ్వరం తగ్గితే అదే పోతుందిలే' అని వదిలేయమని నేననడం లేదు. ఇన్ఫెక్షన్ వెనకాలే నిజమైన దాడి కూడా రావచ్చు. ఇదివరకు లేని కొత్త లక్షణం కనిపించి 24 గంటలు దాటినా, జ్వరం తగ్గాక కూడా చూపు, నడక కుదుటపడకపోయినా న్యూరాలజిస్టుని కలవాలి. ఊపిరి ఆడకపోయినా, మింగుడు పడకపోయినా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. ఎం.ఎస్. మందుల్లో కొన్ని రోగనిరోధక శక్తిని తగ్గిస్తాయి. అవి వాడేవాళ్లు చిన్న జ్వరాన్నయినా డాక్టరుకి చెప్పాలి. ఆ మందుల్ని సొంతంగా ఆపకూడదు. పాత చీటీ పట్టుకుని మందుల షాపులో స్టిరాయిడ్ కొనుక్కోకూడదు.

2016లో వచ్చిన దివ్యాంగుల హక్కుల చట్టం మల్టిపుల్ స్క్లెరోసిస్‌ని వైకల్యాల జాబితాలో చేర్చింది. మంచిదే. కానీ ఇవాళ ఒకలా, రేపు ఒకలా ఉండే జబ్బుని ఒక్కరోజు నడక చూసి తేల్చేస్తే ఎలా? పరీక్షకి పిలిచిన రోజు బాగా నడిచినావిడ, జ్వరమొచ్చిన రోజు లేవలేకపోవచ్చు. ఈ తేడా ఇంట్లోవాళ్లకీ అధికారులకీ ఇద్దరికీ అర్థం కావాలి.

ఇంట్లో ఎం.ఎస్. ఉన్న ఆడపిల్ల, కోడలు, తోడికోడలు ఎవరున్నా నేను కోరేది పెద్ద సేవలేమీ కాదు. ఉన్నట్టుండి నడక తడబడితే ముందు నుదురు తాకి చూడండి. థర్మామీటర్ పెట్టండి. మూత్ర పరీక్షకి పంపండి. ఆమె చెప్పేది పూర్తిగా వినండి. తగ్గి లేచినప్పుడు ఆరాలు తీయకుండా, ఇంకో రెండు రోజులు విశ్రాంతిగా కూర్చోనివ్వండి.