రోడ్డు కొలిచే టేపుకు తండా కూడా అందాలె



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడలో హాస్టళ్లలో, కిరాయి రూముల్లో ఉండి చదువుకుంటున్న తండా పిల్లలం మేము. పోస్టు కొంచెం పెద్దగనే ఉంటది, ఓపిగ్గా చదవండి. ఎందుకంటే ఇది మన అందరి ఇంటి ముందటి సంగతి. జిల్లా రోడ్ల వెడల్పు గురించి, దానివల్ల మన బతుకుల్లో ఏం మారుతదో ముందే లెక్క తీయకపోవడం గురించి.

ముందుగా ఒక మాట. మేము రోడ్డుకు వ్యతిరేకం కాదు. రోడ్డు లేని బాధ తెలిసినోళ్లమే. కాన్పు నొప్పులొచ్చిన మనిషిని మంచం మీద మోసుకొచ్చిన ముచ్చట మన పెద్దోళ్లు ఇప్పటికీ చెప్తరు. ఇయ్యాల 108 బండి తండా దాక వస్తున్నదంటే, మన చెల్లెండ్లు పొద్దున కాలేజీకి పోయి సాయంత్రం ఇంటికి చేరుతున్నరంటే దానికి కారణం రోడ్డే. కాబట్టి "అభివృద్ధికి అడ్డం పడుతున్నరు" అనే మాట మాకు వర్తించదు. మేము అడిగేది ఒక్కటే. రోడ్డు పెంచే ముందు దానివల్ల ఎవరికి లాభం, ఎవరికి నష్టం అన్న లెక్క తీయాలె. ఆ లెక్క ఆఫీసులో కాదు, తండాలో కూర్చొని తీయాలె. ఎస్టిమేట్ తయారుకాక ముందే తీయాలె.

మన ప్రాంతం ఒకసారి చూడండి. హైదరాబాద్–విజయవాడ హైవే, అంటే పాత 9 నంబరు, ఇప్పటి 65 నంబరు, సూర్యాపేట, కోదాడ మీదుగా పోతది. నార్కట్‌పల్లి–అద్దంకి రోడ్డు మిర్యాలగూడ, దామరచర్ల దాటి వాడపల్లి దగ్గర కృష్ణ మీదుగా అవతలి ఒడ్డుకు పోతది. మిర్యాలగూడ నుంచి నేరేడుచర్ల, హుజూర్‌నగర్ మీదుగా కోదాడ చేరే రోడ్డు ఇప్పుడు 167 నంబరు నేషనల్ హైవే. వీటి నడుమ వల అల్లినట్టు జిల్లా రోడ్లు, మండల రోడ్లు, పంచాయతీరాజ్ రోడ్లు ఉన్నయి. మన తండాలు ఎక్కువగా ఈ చిన్న రోడ్ల పక్కనే ఉంటయి.

ఈ చిన్న రోడ్ల మీద ఏం తిరుగుతున్నది? సాగర్ ఎడమ కాల్వ కింద పండిన వడ్లు మిర్యాలగూడ మిల్లులకు పోతయి. మఠంపల్లి, మేళ్లచెరువు దిక్కు నుంచి సిమెంటు లారీలు వస్తయి. దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి పవర్ ప్లాంటు కట్టిన్రు. ఇంత బరువు మోయాలంటే రోడ్డు పెంచక తప్పదు, అది మాకూ తెలుసు. కానీ లారీ కోసం పెంచిన రోడ్డు మీదనే మన చిన్న పిల్ల బడికి నడవాలె. మన అవ్వ మేకలను దాటించాలె. డిజైన్ గీసేటప్పుడు లారీ గుర్తుంటది. మేక, పిల్ల, అవ్వ గుర్తుండరు.

అసలు చిక్కు ఎక్కడున్నదో చెప్తం. సింగిల్ రోడ్డు అంటే 3.75 మీటర్ల తారు. దాన్ని 5.5 మీటర్లకో, డబుల్ రోడ్డు కింద 7 మీటర్లకో పెంచుతరు. చాలాసార్లు ఆ పెంచే జాగ పాత రికార్డు ప్రకారం సర్కారు రోడ్డు హద్దులోనే ఉంటది. అప్పుడు ఫైల్‌ల ఒక వాక్యం రాస్తరు: భూసేకరణ అవసరం లేదు. భూసేకరణ లేదంటే నష్టపోయినోళ్లే లేరన్నట్టు లెక్క మూసేస్తరు. భూమి పోకపోవడం వేరు, బతుకు మారకపోవడం వేరు. ఈ రెండింటినీ ఒకటి చేయడమే మన మీద జరుగుతున్న అన్యాయం.

భూమి పోకున్నా పోయేవి ఎన్ని ఉన్నయో చూడండి. రోడ్డు అంచున రేకుల డబ్బాలో కిరాణం పెట్టుకున్న ఒంటరి ఆడమనిషి బేరం పోతది. బస్సు కోసం నిలబడే చింత చెట్టు నీడ పోతది. బోరింగు పోతది, నల్లా పైపు పగులుతది. తండా మొదట్లో ఉన్న మన దేవతల గద్దె రోడ్డు హద్దులో పడుతది. రోడ్డు ఎత్తు పెరిగితే వాన నీళ్లు ఇండ్లలోకి మళ్లుతయి. వానాకాలం, యాసంగి రెండు పంటలకూ మనోళ్లు వడ్లు ఆరబోసేది తారు రోడ్డు మీదనే. అది ప్రమాదమే, మేము కాదనం. రాత్రిపూట బండి మీద వచ్చే మనిషి ఆ కుప్పకు తగిలితే ప్రాణమే పోతది. కానీ కల్లం కట్టించకుండా "రోడ్డు మీద పోయొద్దు" అంటే చిన్న రైతు వడ్లు ఎక్కడ పోయాలె? రోడ్డు ఎస్టిమేట్‌లోనే ఊరికో కల్లం ఎందుకు కలపరు?

ఇంకోటి బస్సు సంగతి. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడపిల్లలకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. మన తండా చదువులకు ఇది పెద్ద ఆసరా. కానీ బస్సు ఆగితేనే కదా ఉచితం! రోడ్డు మంచిగ అయినంక బండ్ల వేగం పెరుగుతది, స్టేజీ దగ్గర బస్సు పక్కకు ఆగే జాగ లేకపోతే డ్రైవర్ ఆపడానికి జంకుతడు. ఆ జాగ, ఒక చిన్న షెడ్డు, ఒక లైటు డిజైన్‌ల రాయించుకోవడానికి పెద్ద ఖర్చు కాదు. రాయించే మనిషి లేకనే రాయడం లేదు.

ఇప్పుడు చట్టం ఏమంటదో చూద్దాం. 2013 భూసేకరణ చట్టం నాలుగో సెక్షన్ సామాజిక ప్రభావ అంచనా చేయాలని చెప్తది. గ్రామ పంచాయతీని సంప్రదించాలె, బహిరంగ విచారణ పెట్టాలె, రిపోర్టు స్థానిక భాషలో జనానికి అందాలె. ఆ చట్టంలో "బాధిత కుటుంబం" అంటే పట్టాదారు ఒక్కడే కాదు. మూడేండ్లుగా అక్కడ పనిచేసుకొని బతుకుతూ, భూసేకరణతో ఆ బతుకుదెరువు దెబ్బతినే కూలీలు, కౌలుదారులు, చేతిపనులోళ్లు కూడా బాధితులే. చదివితే మన తండా కోసమే రాసినట్టు ఉంటది.

కానీ ఈ రక్షణకు చాలా చిల్లులు ఉన్నయి. నేషనల్ హైవేల భూసేకరణ 1956 నాటి వేరే చట్టం కింద జరుగుతది. 2015 నుంచి దానికి కూడా కొత్త చట్టం ప్రకారం పరిహారం, పునరావాసం వర్తిస్తున్నయి గానీ సామాజిక ప్రభావ అంచనా మాత్రం వర్తించదు. 2017లో వచ్చిన తెలంగాణ సవరణతో గ్రామీణ మౌలిక సదుపాయాల వంటి పనులకు ఈ అంచనా నుంచి మినహాయింపు ఇచ్చే అధికారం రాష్ట్ర ప్రభుత్వం చేతికి వచ్చింది. 2006 పర్యావరణ అనుమతుల నోటిఫికేషన్‌ల నేషనల్, స్టేట్ హైవేల ముచ్చటే ఉన్నది, జిల్లా రోడ్లు లేవు. రోడ్డు పక్క చిరువ్యాపారులను కాపాడే 2014 చట్టం పట్టణాలకే. అంటే కోదాడ బజార్లో బండి పెట్టుకున్న మనిషికి ఉన్న హక్కు, తండా స్టేజీ దగ్గర డబ్బా పెట్టుకున్న మన పిన్నికి లేదు.

మన ప్రత్యేక ఇబ్బంది ఇంకోటి ఉన్నది. ఏజెన్సీ మిత్రులు కూడా ఇది గమనించాలె. 1976 చట్ట సవరణతో తెలంగాణ లంబాడీలం ఎస్టీ జాబితాలోకి వచ్చినం. కానీ సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఐదో షెడ్యూల్ ప్రాంతాలు కావు. పెసా చట్టం మన దగ్గర లేదు, 1/70 లేదు. మనం షెడ్యూల్డ్ తెగ, మన నేల మాత్రం షెడ్యూల్డ్ ఏరియా కాదు. రోడ్డు మంచిగ కాంగనే రియల్ ఎస్టేట్ వాళ్లు వస్తరు, అప్పుల్లో ఉన్న తండా రైతు భూమి మొదట పోతది. దాన్ని ఆపే గట్టి చట్టం మైదాన ప్రాంతంలో లేదు. అసైన్డ్ భూములు అమ్మకూడదని 1977 చట్టం ఉన్నది, అది కూడా మనం గట్టిగ పట్టుకుంటేనే పనిచేస్తది. అట్లనే లావణి పట్టా భూమిని సర్కారు తీసుకుంటే "ఇది మా భూమే, పరిహారం తక్కువే" అని చెప్పడానికి వీల్లేదు. 2004లో మేకల పాండు కేసులో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం పట్టా భూమితో సమానంగా పరిహారం ఇయ్యాలని తీర్పిచ్చింది. ఈ ఒక్క ముచ్చట మన నాయనలకు తెలిస్తే ఎంతో మేలు.

"ప్రతి చిన్న రోడ్డుకు సర్వే అంటే పనులు ఏండ్లకేండ్లు ఆగుతయి" అని కొంతమంది మనోళ్లే అంటరు. ఆ భయం అబద్ధం కాదు. కానీ మేము మూడేండ్ల స్టడీ అడుగుతలేం. ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబర్‌లో మొదలైంది. దాని నిబంధనల్లోనే ఒక పద్ధతి ఉన్నది: డిజైన్ ఖరారు చేసే ముందు ఇంజినీర్, సర్పంచ్, రెవెన్యూ మనిషి ఊరోళ్లతో కలిసి ఆ దారి మొత్తం నడవాలె. ఎవరి చెట్టు పోతది, ఎక్కడ కల్వర్టు కావాలె అని అక్కడికక్కడే రాసుకోవాలె. ఐదారు కిలోమీటర్ల రోడ్డు నడవడానికి ఒక్క పూట చాలు. ప్రపంచ బ్యాంకు అప్పుతో చేసే ప్రాజెక్టుల్లో పట్టా లేనోళ్లను కూడా లెక్కలోకి తీసుకోవాలన్న నియమం ఉన్నది, గిరిజనులు ఉంటే వాళ్ల కోసం వేరే ప్రణాళిక కావాలె. బయటి అప్పుకు వీలైన పని మన పన్నుల పైసలతో కట్టే రోడ్డుకు ఎందుకు వీలుకాదు? కాగితం మీద కల్వర్టు జరపడానికి రబ్బరు చాలు. తారు పోసినంక జరపాలంటే మళ్లా కోట్లు కావాలె.

రోడ్డు మనుషుల కోసం తలొంచదని కూడా అనలేం. సూర్యాపేట దగ్గర దురాజ్‌పల్లి పెద్దగట్టు జాతర రెండేండ్లకోసారి వస్తది. అప్పుడు అంత పెద్ద హైవే మీది బండ్లను కూడా వేరే దారికి మళ్లిస్తరు. లక్షల మంది కనబడుతరు కాబట్టి రోడ్డు ఒప్పుకుంటది. రెండు వందల గడపల తండా కనబడాలంటే మన లెక్క మనమే చూపించాలె.

అందుకే సెలవులకు ఇంటికి పోయే ప్రతి ఒక్కరం ఈ పనులు చేద్దాం.

ఒకటి, మన తండా రోడ్డు పొడుగునా నడిచి రాసుకుందాం. ఎన్ని ఇండ్లు, డబ్బాలు, బోరింగులు, చెట్లు, గద్దెలు రోడ్డుకు ఎంత దూరంలో ఉన్నయి? పిల్లలు, పశువులు ఎక్కడ దాటుతున్నయి? నీళ్లు ఎక్కడ నిలుస్తయి? ఫొటోలు తీసి తేదీ రాసుకుందాం. ఆడవాళ్లను విడిగా అడుగుదాం, మగవాళ్లు చెప్పని ముచ్చట్లు వాళ్లు చెప్తరు.

రెండు, సమాచార హక్కు దరఖాస్తు పెట్టి ఆ రోడ్డు డీపీఆర్, డిజైన్ కాపీలు తీసుకుందాం. 30 రోజుల్లో జవాబు ఇయ్యాలె.

మూడు, 2018 పంచాయతీరాజ్ చట్టంతో మన తండాలు చాలావరకు సొంత పంచాయతీలు అయినయి. గ్రామసభలో తీర్మానం చేయించి కలెక్టరేట్‌ల ఇచ్చి రసీదు తీసుకుందాం. కావాల్సింది పేరుపెట్టి రాద్దాం: వేగం తగ్గించే మలుపులు, నడిచే బాట, బస్ బే, మోరీ, కల్లం.

నాలుగు, నేషనల్ హైవే అయితే భూసేకరణ నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లోనే అభ్యంతరం చెప్పాలె. దాని సారాంశం రెండు పేపర్లలో వేస్తరు, ఒకటి మన భాష పేపరే. మన తండాలో రోజూ పేపర్ చదివే మనిషి ఒక్కరన్నా ఉండాలె. ఆ మనిషి మనమే కావాలె.

మన తాతలు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసుకుంటూ ఈ దేశానికి దారులు వేసినోళ్లు. దారి విలువ మనకు ఒకరు నేర్పాల్సిన పని లేదు. మన ఇంటి ముందు నుంచి పోయే రోడ్డు ఎట్ల ఉండాలో మనల్ని అడిగి వేయమంటున్నం, అంతే.

జై సేవాలాల్. జై భీమ్.