డేటా ఉంటే చాలదు.. మంచిదో కాదో తేల్చాలి!

మంగళగిరిలో మా వీధి స్తంభాలకు వేలాడే ఫైబర్ కేబుల్ చూస్తే మనకు గుర్తొచ్చేది ఇంటర్నెట్టే. అలాంటి గాజుపోగునే ఎడారిలో లోతైన బోరుబావిలోకి దించితే భూకంప తరంగాలను పట్టేస్తుంది. దీని పేరు డిస్ట్రిబ్యూటెడ్ అకౌస్టిక్ సెన్సింగ్, పొట్టిగా ‘డాస్’.

ఎలాగంటే.. లేజర్ కాంతిని పోగులోకి పంపుతారు. గాజులోని సూక్ష్మ లోపాలకు తగిలి కొంత కాంతి వెనక్కి వస్తుంది. నేల కదిలితే పోగు రవ్వంత సాగుతుంది, వెనక్కొచ్చే కాంతి ఫేజ్ మారుతుంది. ఒక్క కేబుల్‌తో బావి పొడవునా వందలాది చోట్ల రీడింగులు వస్తాయన్నమాట.

అసలు చిక్కు ఇక్కడే. ఎడారిలో వదులు ఇసుక తరంగాల శక్తిని మింగేస్తుంది. గాలి హోరు తోడవుతుంది. కేబుల్‌ను సిమెంటుతో బిగిస్తే సిగ్నల్ బాగుంటుంది. ఊరికే వేలాడదీస్తే కేబులే మోగుతుంది. పక్క నుంచి అడ్డంగా వచ్చే తరంగాలను పోగు సరిగా పట్టలేదు. అన్ని ఛానెళ్లలో ఒకే క్షణాన గీత కనిపిస్తే అది భూమి పని కాదు, చాలాసార్లు పరికరం కుదుపే.

అమెరికాలోని నెవాడా ఎడారిలో 2016 మార్చిలో బ్రాడీ హాట్ స్ప్రింగ్స్ దగ్గర ఈ ప్రయోగం చేశారు. నేలలో సుమారు 8.7 కిలోమీటర్లు, బావిలో దాదాపు 400 మీటర్ల కేబుల్ వాడారు. బావి గోడకు కేబుల్ ఎంతవరకు ఆనుకుందన్నది అక్కడ పెద్ద పరిశీలనాంశమైంది. ఆ డేటా అందరికీ ఉచితం.

‘ఎడారితో మనకేం పని?’ అనుకోవద్దు. 2004లో మంగళ చమురు క్షేత్రం బయటపడింది రాజస్థాన్ ఎడారిలోని బాడ్మేర్‌లోనే. మన పక్కనే కేజీ బేసిన్ ఉంది. హైదరాబాద్‌లో 1961 నుంచి ఎన్‌జీఆర్‌ఐ ఉంది. చెడ్డ డేటాను నమ్మి తప్పుచోట బావి తవ్వితే కోట్లు మట్టిపాలే. ఏఐ మోడల్‌కు కూడా అదే డేటా నేర్పితే హోరునే తరంగం అనుకుంటుంది.

నిజం చెప్పాలంటే ఈ ఒక్క రంగంలో ఉద్యోగాలు వేలల్లో ఉండవు. కానీ ఈ నైపుణ్యం పైప్‌లైన్లు, రైలుమార్గాల నిఘాకూ పనికొస్తుంది. జియోఫిజిక్స్ వాళ్లకు గేట్‌లో ప్రత్యేక పేపరుంది. ఈసీఈ, సీఎస్ఈ వాళ్లు సిగ్నల్ ప్రాసెసింగ్, పైథాన్‌తో మొదలుపెట్టొచ్చు. ఓబ్స్‌పై లైబ్రరీ ఉచితమే.

ఒక చిన్న ప్రాజెక్టు చేసి చూడండి. బ్రాడీ డేటాలో కొద్ది నిమిషాల ముక్క తీసుకోండి. తొలి తరంగం రాకముందు హోరెంత, వచ్చాక సిగ్నలెంత? ప్రతి ఛానెల్‌కూ లెక్కకట్టండి. పనికిరాని ఛానెళ్లను, ఎందుకు పనికిరావో కారణాన్ని పట్టికలో రాయండి. మోడల్ కట్టానని చాలామంది చెబుతారు. ‘ఈ ఛానెల్ ఎందుకు తీసేశావ్?’ అని ఇంటర్వ్యూలో అడిగితే మీ దగ్గర జవాబుంటుంది.