ఒళ్లు ఊగితే దయ్యమేనా?

షోలాపూర్ అశోక్ చౌక్ సందుల్లో, సాఖర్ పేటలో తెలుగు నేతపనివాళ్లు తరాలుగా బతుకుతున్నారు. మరమగ్గాల మీద టవళ్లు, చద్దర్లు నేస్తారు. ఆడవాళ్లు బీడీలు చుడతారు. నేసినంతకే కూలి, చుట్టినంతకే డబ్బు. అలాంటి ఇంట్లో నలభై ఏళ్ల మనిషికి చేతులు, భుజాలు వాటంతటవే మెలికలు తిరగడం మొదలైతే ముందు పని పోతుంది, తర్వాత పరువు పోతుంది. తూలుతున్నాడు కాబట్టి తాగాడంటారు. ప్రార్థనకు పిలిస్తే మనవాళ్లు ఇంకో మెట్టెక్కి దయ్యం పట్టిందంటారు.

హంటింగ్టన్ జబ్బును ఆ పేరున్న డాక్టరు 1872లోనే వివరించాడు. కారణమైన జన్యువు 1993లో దొరికింది. తల్లికో తండ్రికో ఆ జబ్బుంటే, ఆడైనా మగైనా ప్రతి బిడ్డకూ అది వచ్చే అవకాశం సగానికి సగం. ఇందులో శాపమెక్కడుంది? పుట్టుగుడ్డివాడి విషయంలో పాపం అతనిదీ కాదు, కన్నవాళ్లదీ కాదని యేసు చెప్పలేదా? యోహాను 9వ అధ్యాయం మీద మనం విన్న ప్రసంగాలన్నీ ఏమయ్యాయి?

స్వస్థత కూటంలో నూనె రాసి మాత్రలు మానేయమనేవాళ్లను మేము క్షమించలేకపోతున్నాం. జబ్బును నయం చేసే మందు లేదు, నిజమే. కదలికల్ని తగ్గించే టెట్రాబెనజిన్ ఉంది. కొద్ది మోతాదుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి. కొందరిలో అది దిగులును, చచ్చిపోవాలన్న ఆలోచనను పెంచుతుంది. ఇంట్లోవాళ్లు కనిపెట్టి ఉండి డాక్టరుకు చెప్పాలి. కదలికలు మనిషిని ఇబ్బంది పెట్టకపోతే మందే అక్కర్లేకపోవచ్చు. ఆందోళన పడితే అవి ఎక్కువవుతాయి. చుట్టూ చేరి కేకలు పెట్టే ప్రార్థన ఆ ఇంట్లో వద్దు (కొందరికి కోపం వస్తుంది, రానివ్వండి). చేతులున్న బరువైన కుర్చీ, మూతున్న గ్లాసు కావాలి. నిటారుగా కూర్చోబెట్టి, తొందరపెట్టకుండా మెత్తని తిండి పెట్టాలి. అదీ మామూలుకంటే ఎక్కువే, బరువు తగ్గిపోతారు కనుక. కూలి ఆగిన ఇంట్లో ఆ తిండి ఎక్కడిది? కానుక పెట్టె తెరవాల్సింది అక్కడ.

2017 మేలో పోప్ ఫ్రాన్సిస్ ఈ కుటుంబాలను వాటికన్‌కు పిలిపించుకుని కలిశాడు. ఇక దాచుకోవద్దన్నది ఆ సభ పిలుపు. మనమేమో సంబంధం చెడుతుందని మనిషిని వెనకగదిలో దాస్తున్నాం. పెళ్లికి ముందు ఇంటి జబ్బు సంగతి అవతలివాళ్లకు చెప్పకపోవడం అన్యాయమే. అలాగని ఆరోగ్యంగా ఉన్న బిడ్డను జన్యు పరీక్షకు లాక్కెళ్లే హక్కు పాస్టరుకూ లేదు, అత్తమామలకూ లేదు. ఆ నిర్ణయం పెద్దయ్యాక, కౌన్సెలింగ్ తీసుకున్నాక, ఆ బిడ్డదే.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో దీర్ఘకాల నరాల జబ్బులూ ఉన్నాయి. సర్టిఫికెట్ కోసం ఆసుపత్రికి వెళ్తే రోజు కూలి పోతుంది, ఫారాలు నింపాలి. చదువుకున్న మన యువజనుల్లో ఒక్కరు తోడు వెళ్లలేరా? వచ్చే ఆదివారం ఆరాధన అయ్యాక ఎవరెవరు వెళ్తారో పేర్లు రాసుకుందాం.