పాతబస్తీకి పచ్చదనం హక్కు కాదా?

మూసిన గదికన్నా ఆరుబయలు మేలని 2020లో కరోనా వేళ వైద్యులు చెప్పారు. ఒకే గదిలో ఆరేడుగురు నిద్రించే హైదరాబాద్ పాతబస్తీ ఇళ్లకు ఆ మాట ఎంత చేదు! 2021లో ప్రభుత్వం ఆదివారం సాయంత్రాలు ట్యాంక్‌బండ్‌పై వాహనాలను ఆపింది. అక్టోబరులో చార్మినార్ వద్దా అదే సందడి. సంతోషమే. కానీ వారానికొక జాతర పార్కు కాజాలదు. మోకాళ్ల నొప్పుల తల్లులు రోజూ ఎక్కడ నడవాలి? జూబ్లీహిల్స్ కేబీఆర్ పార్కుకు వెళ్లాలంటే సగం కూలి ఆటోకే సరి, గేటు వద్ద టిక్కెట్టు అదనం.

మనిషికి 10 నుంచి 12 చదరపు మీటర్ల బహిరంగ స్థలం ఉండాలని కేంద్రం 2014 నాటి పట్టణ ప్రణాళికా మార్గదర్శకాల్లో సూచించింది. మన బస్తీల్లో ఖబరస్తాన్‌లను కలిపి లెక్కించినా అంత తేలుతుందా?

సర్కారు బడుల మైదానాలను ఉదయం, సాయంత్రం మహిళలకు, వృద్ధులకు తెరవాలని, ప్రతి వార్డులో టిక్కెట్టు లేని పార్కుకు స్థలం కేటాయించాలని మేము కోరుతున్నాము. మొహల్లావాసుల సంతకాలతో ఈ నెలలోనే నగరపాలక సంస్థకు అర్జీ ఇవ్వండి. రశీదు తీసుకోకుండా కదలకండి.